ఒంట్లో దాగిన ఇన్‌ఫ్లమేషన్: ముందు మూలం వెతకండి, పళ్లెం సంగతి తర్వాత

"సీఆర్పీ ఎక్కువ వచ్చింది, ఏం తింటే తగ్గుతుంది?" అందరూ అడిగేది ఇదే. సీఆర్పీ అంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) ఉన్నప్పుడు కాలేయం ఎక్కువగా తయారుచేసే ప్రోటీన్, రక్తపరీక్షలో దాని అంకె తెలుస్తుంది. తిండి గురించి చెబుతాం, కానీ ఆరో మెట్టులో. అంతకంటే ముందు ఆ ఇన్‌ఫ్లమేషన్ ఎక్కడి నుంచి వస్తోందో తేలాలి. చిగుళ్లలో చీము అట్లాగే ఉంచుకుని పసుపు పాలు తాగినా, రోజుకో కట్ట బీడీలు తాగుతూ అల్లం కషాయం కాచుకున్నా రిపోర్టులో అంకె కదలదు.

కాలిలో ముల్లు దిగితే ఎర్రబడి, వేడెక్కి, వాచి, నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది. తెల్ల రక్తకణాలు వచ్చి పని ముగించుకుని వెళ్తాయి. ఇది ఒంటికి కావలసిన వాపే. చిక్కంతా నెలలు, ఏళ్ల తరబడి ఊకలో నిప్పులా రగిలేదానితోనే. దానికి నొప్పి ఉండకపోవచ్చు, జ్వరమూ ఉండకపోవచ్చు. గుండె రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకున్న చోట అది రగిలితే, ఆ పూడిక పైపొర పలచబడి పగిలి గుండెపోటు వస్తుంది. కాలేయంలో అయితే ఫ్యాటీ లివర్ కాస్తా మచ్చలు కట్టి సిరోసిస్ దాకా పోతుంది. కండరాల్లో, కాలేయంలో ఇన్సులిన్ పనిచేయకుండా అడ్డుపడి షుగర్‌ను పెంచుతుంది.

కింది మెట్లను వరుస తప్పకుండా పాటించండి.

1. ఇంటి చిట్కాలతో ఆగకూడని లక్షణాలు

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా వ్యాసం పక్కన పెట్టి, వరంగల్ ఎంజీఎం దవాఖాన ఓపీకో దగ్గర్లోని ఫిజీషియన్ దగ్గరికో వెళ్లండి.

☐ రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు. టీబీ కోసం తెమడ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ దవాఖానల్లో పరీక్ష, మందులు రెండూ ఉచితం.
☐ ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల్లో బరువు 5 శాతానికి మించి తగ్గడం.
☐ పొద్దున లేవగానే చేతివేళ్ల కీళ్లు గంటకు పైగా బిగుసుకుపోవడం, రెండు చేతులూ ఒకే తీరుగా వాయడం. మోకాళ్ల అరుగుదలలోనూ బిగుతు ఉంటుంది కానీ అరగంటలోపే సడలుతుంది. గంట దాటితే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను (కీళ్లవాతాన్ని) అనుమానించాలి.
☐ 45 ఏళ్లలోపే మొదలై, పడుకుంటే పెరిగి, నడిస్తే తగ్గే నడుము నొప్పి మూడు నెలలు దాటడం.
☐ మలంలో రక్తం, లేదా నెలకు పైగా విరేచనాలు.
☐ దవడకో ఎడమ చేతికో పాకే ఛాతీ బరువు. దీనికి ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడకండి, 108కి ఫోన్ చేయండి.

రుమటాయిడ్ విషయంలో ఆలస్యం చాలా ఖరీదైనది. వాపు తగ్గించే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే కీళ్లు అంత మిగులుతాయి. ఒకసారి తిన్న ఎముక మళ్లీ రాదు.

2. పరీక్షలు: ఏవి, ఎప్పుడు, ఎట్లా చదవాలి

అడగాల్సినవి: హెచ్ఎస్-సీఆర్పీ (తక్కువ అంకెలనూ పట్టే సీఆర్పీ పరీక్ష), సీబీపీ (రక్తకణాల లెక్క), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్), ఎల్ఎఫ్‌టీ (కాలేయం పనితీరు), కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్. ఎప్పుడూ చేయించుకోకపోతే హెపటైటిస్ బి, సి ఒకసారి. ఈ వైరస్‌లు ఏ బాధా లేకుండా ఏళ్ల తరబడి కాలేయాన్ని రగిలిస్తూ క్యాన్సర్ దాకా తీసుకుపోగలవు. 30 దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు పల్లె దవాఖానలో, పీహెచ్‌సీలో ఉచితంగానే చేస్తారు.

ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి ఖరీదైన పరీక్షలు ప్యాకేజీలో అంటగడితే వద్దనండి. మామూలు మనిషికి ఆ అంకెతో వైద్యం ఏమీ మారదు.

రక్తం ఎప్పుడు ఇవ్వాలి? జ్వరం, జలుబు, దెబ్బ, పన్ను తీయించుకోవడం, టీకా, ఆపరేషన్, వీటిలో ఏది జరిగినా రెండు వారాలు ఆగి. మేడారం జాతరకు పోయి వచ్చి దగ్గుతున్న వారంలో రక్తం ఇస్తే వచ్చేది ఆ దగ్గు తాలూకు అంకె.

హెచ్ఎస్-సీఆర్పీ ఇట్లా చదవాలి (లీటరుకు మిల్లీగ్రాముల్లో):

- 1 లోపు: గుండెజబ్బు ముప్పు తక్కువ
- 1 నుంచి 3: మధ్యస్థం
- 3 పైన: ఎక్కువ
- 10 పైన: ఇది గుండె లెక్క కాదు. ఎక్కడో ఇన్ఫెక్షనో, గాయమో, కీళ్ల జబ్బో ఉండొచ్చు. రెండు వారాలాగి మళ్లీ చేయించాలి.

ఒక్క రిపోర్టుతో నిర్ణయానికి రావద్దు. రెండు వారాల తేడాతో రెండుసార్లు చేయించి సగటు తీయండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

యూనిట్లు. కొన్ని ల్యాబులు లీటరుకు, కొన్ని డెసిలీటరుకు ఇస్తాయి. డెసిలీటరుకు 0.5 అంటే లీటరుకు 5. "సున్నా పాయింట్ ఐదే కదా" అని సంబరపడేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. అంకె పక్కన ఉన్న చిన్న అక్షరాలు చదవండి.

మామూలు సీఆర్పీ. స్లైడు మీద చేసే పాత పరీక్షలో 6 దాటితేనే "పాజిటివ్" వస్తుంది. "నెగెటివ్" అని రాస్తే 6 లోపు అని మాత్రమే అర్థం. 2 ఉందా, 5 ఉందా అది చెప్పదు. చీటీలో హెచ్ఎస్ అని ఉందో లేదో చూసుకోండి.

ఈఎస్ఆర్ (వాపును చూపే ఇంకో పాత రక్తపరీక్ష). రక్తం తక్కువున్నా, వయసు పెరిగినా, గర్భంతో ఉన్నా అది పెరుగుతుంది. మగవాళ్లకు వయసులో సగం, ఆడవాళ్లకు వయసుకు పది కలిపి అందులో సగం, ఇది పైహద్దుకు మోటు లెక్క. 60 ఏళ్ల ఆమెకు 35 వస్తే కంగారు పడాల్సిన పని లేదు.

ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపే పరీక్ష). ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు ఇది దానంతటదే పెరుగుతుంది. హిమోగ్లోబిన్ 9 ఉండి ఫెరిటిన్ బాగానే ఉందంటే ఐరన్ సరిపడా ఉన్నట్టు కాదు. ఐరన్ గోళీలు మానే ముందు డాక్టర్‌కు సీఆర్పీ రిపోర్టు కూడా చూపించండి.

3. టేపుతో కొలవాల్సింది

పొట్టలోపల పేగుల చుట్టూ చేరే కొవ్వు ఊరికే ఉండదు. అందులోకి రక్షక కణాలు చేరి, వాపును రెచ్చగొట్టే రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. వాటి మాట విని కాలేయం సీఆర్పీ తయారు చేస్తుంది. చాలామందికి రిపోర్టులో 4, 5 రావడానికి కారణం ఇదే.

కొలిచే పద్ధతి:

1. పొద్దున, పరగడుపున, బట్ట మీద కాకుండా ఒంటి మీద.
2. పక్కల్లో చివరి పక్కటెముక, తుంటి ఎముక పైఅంచు తడిమి పట్టుకోండి. రెండింటికీ మధ్యన టేపు.
3. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి గుంజుకోవద్దు.
4. రెండుసార్లు కొలిచి రాసుకోండి.

మన దేశపు ఒంటితీరుకు హద్దు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. ప్యాంటు సైజును నమ్మొద్దు. 34 సైజు ప్యాంటు బొడ్డు కింద కట్టి 100 సెంటీమీటర్ల పొట్ట మోసేవాళ్లు ఎంతోమంది.

4. దాగిన మూలాలు

చిగుళ్లు. తోముకుంటే రక్తం రావడం, నోటి వాసన, పళ్లు పొడవుగా కనిపించడం, కదలడం. ఇవి చిగుళ్ల జబ్బు గుర్తులు. షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్లు తొందరగా చెడతాయి, చెడిన చిగుళ్లు షుగర్‌ను పెంచుతాయి. చిగుళ్లకు వైద్యం చేయిస్తే హెచ్‌బీఏ1సీ కొంత తగ్గుతుందని పరీక్షల్లో తేలింది.

"స్కేలింగ్ (పళ్ల మీది గార తీయించడం) చేయిస్తే పళ్లు వదులవుతాయి" అన్న మాట మన దగ్గర బాగా పాతుకుపోయింది. జరిగేది వేరు: గార గట్టిపడి పళ్ల మధ్య ఖాళీని పూడ్చి ఉంటుంది, తీశాక ఆ ఖాళీ నాలుకకు తెలుస్తుంది. ఊడబోయే పన్నును గార కాపాడదు. ఆరు నెలలకోసారి చూపించుకోండి. మెత్తని బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా పెట్టి రెండు పూటలా రెండేసి నిమిషాలు తోమాలి. బొగ్గు, ఇటుక పొడి పంటి పైపొరను అరగదీస్తాయి. వేపపుల్ల పళ్ల సందుల్లోకి పోదు.

పొగాకు. బీడీ, చుట్ట, సిగరెట్, గుట్కా, జర్దా ఏదైనా. తగ్గించడం చాలదు, మానాలి. ఉచిత సలహా ఫోన్ నంబరు 1800 112 356. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంట్లోనే బీడీలు చుట్టేవాళ్లు తాగకపోయినా పొగాకు దుమ్ము పీలుస్తుంటారు. ఆ బీడీల చాట వంటింటికి, పిల్లలు పడుకునే గదికి దూరంగా, గాలి ఆడే చోట ఉండాలి.

పొగ, దుమ్ము. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు ఎత్తేవాళ్లు, జిన్నింగ్ మిల్లుల్లో పత్తి దుమ్ము మధ్య ఉండేవాళ్లు, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్లు, కట్టెల పొయ్యి మీద వండేవాళ్లు. తువ్వాల మూతికి కట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు. ముక్కు దగ్గర పట్టీ నొక్కి బిగించిన ఎన్95 మాస్కు కావాలి. రాయి కోత తడి మీదే జరగాలి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కడితే ఆ మచ్చలు పోవు.

గురక. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే, పగలంతా కునికిపాట్లు పడుతుంటే స్లీప్ అప్నియా అయి ఉండొచ్చు. ఇది ఇంట్లోవాళ్లే చెప్పాలి, నిద్రపోయేవాడికి తెలియదు.

5. సూదులు, గోళీలు: అసలు ప్రమాదం ఇక్కడుంది

వాపు తగ్గించే మందు అనగానే డైక్లోఫెనాక్ గుర్తొస్తుంది. నాటేసిన వారం ఒళ్లు నొప్పులకు సూది వేయించుకోవడం, మోకాళ్లకు నెలల తరబడి నొప్పి గోళీలు మింగడం మామూలైపోయింది. అవి ఆ పూట నొప్పిని ఆపుతాయి, మూలాన్ని తాకవు. ఎక్కువ కాలం వాడితే కడుపులో పుండు, కిడ్నీ దెబ్బ, బీపీ పెరగడం, గుండెకు ముప్పు. బీపీ మందులు వాడుతున్నవారు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టర్ చెప్పకుండా ఒక్కటి కూడా వేసుకోకూడదు.

ఇంకా మోసపూరితమైనవి స్టెరాయిడ్లు. సూది వేసిన మరుసటి రోజే మోకాళ్ల నొప్పి పోయి లేడిపిల్లలా నడిస్తే, ఆకలి విపరీతంగా పెరిగితే, నెలల్లో ముఖం గుండ్రంగా ఉబ్బితే అనుమానించండి. పేరులేని పొట్లాల్లో వచ్చే "ఆకు పసరు" పొడుల్లోనూ ఇవి కలిసిన సందర్భాలు ఉన్నాయి. చీటీ మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అని ఉంటే అవి స్టెరాయిడ్లే. డాక్టర్ రాస్తే, అవసరానికి, కొలత ప్రకారం వాడితే ప్రాణం నిలబెట్టే మందులే అవి. కొన్ని వారాలు వాడాక మాత్రం ఒక్కసారిగా మానొద్దు, ఒంట్లో సొంత ఉత్పత్తి నిలిచిపోయి కుప్పకూలే ప్రమాదం ఉంది. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ రాస్తే ఒక్క మాట చీటీ మీద ఎర్ర సిరాతో రాసుకోండి: వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోవచ్చు. "ప్రతి సోమవారం" అని వారం పేరు రాయించుకుని, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.

మరి ఇన్‌ఫ్లమేషన్‌ను నేరుగా ఆపే మందు వేసుకోవచ్చు కదా? 2017లో వెలువడిన కాంటోస్ పరిశోధనలో, గుండెపోటు వచ్చిన పదివేల మందికి పైగా తీసుకుని, కొందరికి అలాంటి సూది మందు, మిగతావారికి మందు లేని సూది ఇచ్చి పోల్చి చూశారు. కొలెస్ట్రాల్ తగ్గకపోయినా కొత్త గుండెపోట్లు తగ్గాయి. కానీ ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాలు తగ్గలేదు. రక్షణ వ్యవస్థను అణచడం ఊరికే పోదు. అందుకే మామూలు జనానికి దారి, మూలాన్ని తీసేయడమే.

6. పళ్లెం

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన రోజు పళ్లెం (సుమారు 2000 కేలరీలకు, వండక ముందు తూకం): బియ్యం, జొన్న లాంటి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400, పండ్లు 100, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85, పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీ, నువ్వుల లాంటి గింజలు 35, నూనె 27.

మన ఇళ్లలో తేడా కొట్టేది రెండు చోట్ల: అన్నం రెట్టింపు, కూర సగం.

నూనె. మనిషికి నెలకు 900 మిల్లీలీటర్లు. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు దాటితే ఎక్కువే. గిన్నెలోకి సీసా వంచడం మాని చెంచాతో పోయండి. కాగిన నూనె మళ్లీ మళ్లీ కాచొద్దు. నల్లబడి, నురగ వచ్చే నూనెలో తీసే మిర్చి బజ్జీలు రోజూ వద్దు. సంక్రాంతి సకినాలు, వాన కాలం సర్వపిండి మీద మాకు కోపం లేదు. రోజూ సాయంత్రం పఫ్, బిస్కెట్ ప్యాకెట్ మీదే కోపం.

చక్కెర. రెండు చెంచాల చక్కెరతో నాలుగు చాయ్‌లంటే 40 గ్రాములు. పెద్దవాళ్లకు 25 గ్రాములు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది.

ఒక పూట జొన్నరొట్టె. చాలామంది రొట్టె పగుళ్లిస్తోందని వదిలేస్తారు. పిండి పాతదైతే తప్పకుండా పగులుతుంది, రెండు వారాలకు సరిపడానే పట్టించండి. మరిగే నీళ్లు పోసి గరిటెతో కలిపి, వేడి తగ్గాక అరచేతి మడమతో బాగా మర్దించాలి. ఒక్కో రొట్టెకు సరిపడా ముద్దనే అప్పటికప్పుడు పిసికి తట్టండి. పెనం మీద వేశాక పైన తడి బట్టతో అద్దండి.

గుడాలు. పెసర్లు, బొబ్బర్లు, ఉలవలు, శనగలు రాత్రి నానబెట్టి ఉడికించి, ఉల్లిగడ్డ, నిమ్మరసంతో. వీటి పీచును పెద్దపేగులోని మంచి సూక్ష్మజీవులు తిని, పేగు గోడను కాపాడే ఆమ్లాలు తయారుచేస్తాయి. గ్యాస్ పడుతుందంటే మొదటి వారం పిడికెడుతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి, నానబెట్టిన నీళ్లు పారబోయండి.

అవిసెల కారం. అవిసెల్లో ఒమేగా-3 ఉంది, కానీ గింజ అట్లాగే మింగితే అట్లాగే బయటికి పోతుంది. పొడి చేయాల్సిందే. 100 గ్రాముల అవిసెలు సన్న సెగ మీద చిటపటలాడే దాకా వేయించండి. 8 ఎండుమిర్చి, చెంచా జీలకర్ర వేరుగా వేయించి, 8 ఎల్లిపాయ రెబ్బలు, కొంచెం చింతపండు, చెంచా ఉప్పుతో కలిపి దంచాలి. మాడితే చేదు, ఎక్కువ రోజులుంచితే సిక్కు వాసన. వారం, పది రోజులకే చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టండి. రోజుకు పెద్ద చెంచాడు.

పసుపు. కూరలో వేసేది మంచిదే. చెంచా పసుపులో కర్‌క్యుమిన్ వంద మిల్లీగ్రాములలోపే, ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. అట్లాగని గాఢమైన క్యాప్సూల్స్ కొనొద్దు. వాటితో కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు, రక్తం పలచబరిచే మందులతోనూ పడదు.

7. నడక, బరువు, నిద్ర

వారానికి 150 నిమిషాలు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగం. భద్రకాళి బండ్, వడ్డెపల్లి చెరువు కట్ట, హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్, మీ ఊరి బడి మైదానం ఎక్కడైనా సరే. ఏప్రిల్, మే నెలల్లో ఏడింటిలోపు ముగించాలి. రాత్రి తిన్నాక పది నిమిషాలు వాకిట్లో తిరిగినా షుగర్ అంత ఎగబాకదు.

వారంలో రెండు రోజులు కుర్చీలో కూర్చుని లేవడం 10 సార్లు, గోడకు చేతులానించి దండీలు 10, మడమలెత్తి దించడం 15. ఒక్కోటి రెండు విడతలు.

మొదటి రోజే గంట నడిచి మోకాలు పట్టేసి వారం పడుకోవడం అందరూ చేసేదే. 15 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి 5 నిమిషాలు పెంచండి.

బరువు ఎక్కువుంటే నెలకు రెండు కిలోలు చాలు. ఫ్యాటీ లివర్‌లో వాపు తగ్గాలంటే మొత్తం బరువులో 7 నుంచి 10 శాతం తగ్గాలి: 80 కిలోల మనిషికి ఆరు నుంచి ఎనిమిది కిలోలు. నిద్ర ఏడు గంటలు.

8. పన్నెండు వారాల వరుస

☐ 1వ వారం: లక్షణాలు, పరీక్షలు, నడుము కొలత. పళ్ల డాక్టర్ దగ్గర తేదీ.
☐ 2–3: రెండో సీఆర్పీ (స్కేలింగ్‌కు ముందే). తర్వాత స్కేలింగ్. పొగాకు మానే రోజు ఖరారు. నొప్పి గోళీలన్నీ సంచిలో వేసి డాక్టర్‌కు చూపించడం.
☐ 4–6: నూనె కొలత, చక్కెర సగం, ఒక పూట రొట్టె, రోజూ 20 నుంచి 30 నిమిషాల నడక.
☐ 7–12: గుడాలు, ఆకుకూరలు, అవిసెలు, కండరాల వ్యాయామం. రెండు వారాలకోసారి నడుము కొలత.

అన్నీ ఒకేసారి మొదలుపెడితే పదో రోజుకు అన్నీ ఆగిపోతాయి. షుగర్, బీపీ, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే) గోళీలు ఈ పన్నెండు వారాలూ యథాతథంగా నడవాలి. షుగర్ మందులు వాడుతూ తిండి తగ్గిస్తే లో-షుగర్ రావచ్చు, మోతాదు గురించి ముందే అడగండి.

9. మళ్లీ పరీక్ష

అదే ల్యాబు, అదే హెచ్ఎస్-సీఆర్పీ, అవే యూనిట్లు. ముందు రెండు వారాలు జలుబు కూడా ఉండకూడదు. ముందు రోజు విపరీతమైన శ్రమ వద్దు.

నడుము తగ్గి సీఆర్పీ కూడా తగ్గితే అదే దారిలో సాగండి. నడుము తగ్గినా సీఆర్పీ 3 పైనే ఉంటే నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లండి, చాలాసార్లు చిగుళ్లో పొగాకో మిగిలి ఉంటుంది. గర్భనిరోధక మాత్రలు, హార్మోన్ గోళీలు వాడుతుంటే వాటి వల్ల కూడా పెరుగుతుంది. రెండుసార్లూ 10 దాటితే ఇక ఆలస్యం వద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇవి తీసుకెళ్లండి:

☐ రిపోర్టులన్నీ తేదీల వరుసలో
☐ నడుము, బరువు రాసుకున్న కాగితం
☐ వాడుతున్న ప్రతి మందు స్ట్రిప్పు, ఆర్ఎంపీ ఇచ్చినవి, పొట్లాలు సహా
☐ పొద్దున కీళ్ల బిగుతు ఎన్ని నిమిషాలు ఉంటోందో వారం రోజుల లెక్క
☐ జ్వరం చూసుకుని ఉంటే సాయంత్రం పూట ఉష్ణోగ్రతలు